పట్టికలో మొదటి స్థానం

పాఠ్యభాగ సందర్భం

క్రీడావార్తల్లో మనం చదివేది ఎక్కువగా ఒక్కరోజు గెలుపోటముల సంగతి. నెలల తరబడి సాగే లీగ్ పోటీలో విజయం ఇందుకు భిన్నమైనది. ఫుట్‌బాల్ లీగ్‌లో విజేతను ఎట్లా నిర్ణయిస్తారో, ఆ విజయానికి వెనుక ఎటువంటి వ్యవస్థ అవసరమో హైదరాబాద్ ఫుట్‌బాల్ చరిత్ర ఆధారంగా ఈ వ్యాసం వివరిస్తుంది.

మనకు దగ్గరి చరిత్ర

సాయంకాలం కళాశాల విడిచిన తరువాత తిమ్మాజిపేట వంటి ఊళ్ళలో మైదానం వైపు వెళ్తే వాలీబాల్ వలకు ఇరువైపులా, కబడ్డీ గీతల నడుమ పిల్లలు కనిపిస్తారు. క్రికెట్ సంగతి చెప్పనక్కర లేదు. ఫుట్‌బాల్ ఆడేవారు మాత్రం అరుదు. అందువల్ల ఆ ఆట ఎక్కడో బ్రెజిల్‌కో, ఇంగ్లండ్‌కో చెందినదని మన విద్యార్థులు భావించడం సహజం. అయితే ఇక్కడి నుంచి రెండు మూడు గంటల బస్సు ప్రయాణం దూరంలో ఉన్న హైదరాబాద్ ఒకప్పుడు భారతదేశ ఫుట్‌బాల్‌లో కలకత్తాకు దీటుగా నిలిచిన నగరం. ఒలింపిక్ క్రీడలలో మన దేశాన్ని నాలుగో స్థానానికి చేర్చిన శిక్షకుడు ఆ నగరంలో పాఠాలు చెప్పిన ఉపాధ్యాయుడు. ఇటీవలి కాలంలో ఆ నగరపు జట్లు జాతీయ స్థాయి లీగ్ పట్టికలలో నాలుగుసార్లు రెండో స్థానంలో ఆగిపోయాయి. ఆ వైభవాన్నీ, ఈ వెలితినీ కలిపి చూస్తే గెలుపును గురించి పాఠ్యపుస్తకాలలో సాధారణంగా కనిపించని ఒక సత్యం బోధపడుతుంది.

మత్స్యయంత్రం – కురుక్షేత్రం

క్రీడాపోటీలు ప్రధానంగా రెండు విధాలు. మొదటిది నాకౌట్ పద్ధతి. ఓడిన జట్టు వెంటనే ఇంటిదారి పడుతుంది. గెలిచిన జట్టు ముందుకు సాగుతుంది. చివరికి మిగిలిన రెండు జట్లు ఫైనల్ ఆడతాయి. కప్పు, ట్రోఫీ అనే పేర్లతో జరిగే పోటీలు చాలావరకు ఈ కోవకు చెందుతాయి. రెండోది లీగ్ పద్ధతి. ఇందులో ప్రతి జట్టూ మిగిలిన అన్ని జట్లతోనూ ఆడుతుంది. సాధారణంగా ఒకసారి తన ఊరిలో, మరొకసారి ఎదుటి జట్టు ఊరిలో ఆడుతుంది. ఓడినా పోటీ నుంచి తప్పుకోవలసిన పని లేదు. చివరికి ఎవరికి ఎక్కువ పాయింట్లు వస్తే వారే విజేతలు.

మహాభారతం తెలిసినవారికి ఈ తేడా సులభంగా అర్థమవుతుంది. ద్రౌపదీ స్వయంవరంలో మత్స్యయంత్రాన్ని కొట్టడం నాకౌట్ వంటిది. ఆ క్షణంలో చేతి నైపుణ్యం, చూపు నిలకడ ఉన్నవాడు గెలిచాడు. కురుక్షేత్ర సంగ్రామం లీగ్ వంటిది. అది పద్దెనిమిది రోజులు సాగింది. తొలిరోజునే పాండవపక్షం ఉత్తరకుమారుణ్ణి పోగొట్టుకొన్నది. అయినా యుద్ధం ముగియలేదు. భీష్ముడు పది రోజులు, ద్రోణుడు అయిదు రోజులు ఎదురు నిలిచినా, నష్టాలను భరిస్తూ చివరిదాకా నిలిచినవారికే జయం లభించింది. పది జట్లున్న లీగ్‌లో ఒక్కొక్క జట్టు ఆడవలసిన ఆటలు కూడ సరిగ్గా పద్దెనిమిదే కావడం యాదృచ్ఛికం. కాని గుర్తుంచుకోవడానికి అనువైన పోలిక.

చరిత్రలో ఈ రెండు పద్ధతులూ ఒకే ఏడాది రెండు దేశాలలో కొత్త రూపు దాల్చడం విశేషం. 1888లో మన దేశంలోని సిమ్లాలో డ్యూరాండ్ కప్పు మొదలైంది. అది నాకౌట్ పోటీ. అదే 1888లో ఇంగ్లండులో విలియం మెక్‌గ్రెగర్ అనే నిర్వాహకుని చొరవతో పన్నెండు క్లబ్బులు కలిసి ప్రపంచంలో మొట్టమొదటి ఫుట్‌బాల్ లీగ్‌ను ప్రారంభించాయి. ప్రెస్టన్ నార్త్ ఎండ్ అనే జట్టు ఇరవై రెండు ఆటలలో ఒక్కదానిలోనూ ఓడకుండా తొలి విజేత అయింది. ఇంగ్లండు లీగ్ వైపు నడిచింది. మన దేశం చాలాకాలం కప్పుల వైపే నిలిచింది. కలకత్తాలో 1898 నుంచి లీగ్ పోటీ ఉన్నప్పటికీ అది ఆ నగరానికే పరిమితమైనది. దేశమంతటికీ కలిపి ఒక లీగ్ ఏర్పడడానికి 1996 దాకా ఆగవలసి వచ్చింది.

పాయింట్ల లెక్క

లీగ్ పట్టికను చదవడం ఒక విద్య. గెలిచిన జట్టుకు మూడు పాయింట్లు, ఆట సమంగా ముగిస్తే ఇరు జట్లకూ చెరొక పాయింటు, ఓడిన జట్టుకు సున్న. పూర్వం గెలుపుకు రెండు పాయింట్లే ఉండేవి. అప్పుడు రెండు డ్రాలు ఒక గెలుపుతో సమానం. అందువల్ల ఓడకుండా ఉంటే చాలునని జట్లు ఆత్మరక్షణకే ప్రాధాన్యం ఇచ్చేవి. గెలుపు కోసం తెగించి ఆడేవారిని ప్రోత్సహించాలన్న ఆలోచనతో ఇంగ్లండు 1981లో గెలుపుకు మూడు పాయింట్ల విధానాన్ని ప్రవేశపెట్టింది. 1994 ప్రపంచకప్పులో దీనిని పాటించారు. ఆ తరువాత ఇది ప్రపంచమంతటా స్థిరపడింది. ఈ చిన్న మార్పు వల్ల డ్రా విలువ గెలుపులో సగం నుంచి మూడో వంతుకు పడిపోయింది. ఈనాడు మూడు డ్రాలు చేసుకొన్న జట్టు, ఒకటి గెలిచి రెండు ఓడిన జట్టుతో సమానం.

పాయింట్లు సమానమైనప్పుడు ఏం చేయాలి? కొన్ని లీగ్‌లలో ఆ రెండు జట్ల నడుమ జరిగిన ఆటల ఫలితాన్ని మొదట చూస్తారు. మరికొన్నింటిలో గోళ్ళ తేడాను, అంటే వేసిన గోళ్ళ నుంచి ఇచ్చుకొన్న గోళ్ళను తీసివేయగా మిగిలినదానిని లెక్కిస్తారు. 2012లో ఇంగ్లండు ప్రీమియర్ లీగ్‌లో మాంచెస్టర్ నగరానికే చెందిన సిటీ, యునైటెడ్ జట్లు రెండూ 89 పాయింట్లతో సమానంగా నిలిచాయి. గోళ్ళ తేడా సిటీకి 64, యునైటెడ్‌కు 56. ఆ ఎనిమిది గోళ్ళే విజేతను నిర్ణయించాయి. ఎప్పుడో ఒక ఆటలో గెలుపు ఖాయమైన తరువాత అలసట మరచి వేసిన అదనపు గోలు నెలల తరువాత కిరీటాన్ని తెచ్చిపెట్టగలదన్నమాట.

“ఇంట గెలిచి రచ్చ గెలువు” అన్న సామెత లీగ్ పోటీకి అక్షరాలా వర్తిస్తుంది. సొంత మైదానంలో పరిచితమైన నేల, అండగా నిలిచే ప్రేక్షకులు ఉంటారు. పరాయి ఊరిలో ప్రయాణపు బడలిక, మారిన వాతావరణం, ఎదుటివారి కోలాహలం ఎదురవుతాయి. ఇంట గెలవడం అలవాటు చేసికొని, రచ్చకు వెళ్ళినచోట కనీసం ఓడకుండా రావడం నేర్చిన జట్టే పట్టిక పైభాగాన నిలుస్తుంది.

రహీం సాబ్ పాఠశాల

ఇప్పుడు హైదరాబాద్ చరిత్రకు వద్దాం. సయ్యద్ అబ్దుల్ రహీం 1909లో హైదరాబాద్‌లో జన్మించారు. వృత్తిరీత్యా ఉపాధ్యాయులు. 1943లో హైదరాబాద్ ఫుట్‌బాల్ సంఘానికి కార్యదర్శి అయ్యారు. 1950లో హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టుకు శిక్షకులై, 1963లో కన్నుమూసే దాకా ఆ బాధ్యతను వహించారు. క్రీడాలోకం ఆయనను ఆదరంతో ‘రహీం సాబ్’ అని పిలుచుకొన్నది.

ఆయన శిక్షణలో ఉపాధ్యాయుని చూపు స్పష్టంగా కనిపిస్తుంది. ఆ కాలంలో బంతిని కాళ్ళ నడుమ ఆడించుకొంటూ ఒంటరిగా దూసుకుపోవడమే గొప్పతనమని ఆటగాళ్ళు భావించేవారు. రహీం పిల్లల కోసం ఒక కొత్త రకం పోటీలు నిర్వహించారు. వాటిలో బంతిని అట్లా ఆడించుకొంటూ పోరాదు. అందగానే తోటివానికి అందించాలి. మరికొన్ని పోటీలలో బలహీనమైన కాలితోనే బంతిని తన్నాలన్న నియమం పెట్టారు. కుడికాలి వాటం ఉన్నవాడు ఎడమకాలితో ఆడవలసిందే. బలహీనతను దాచుకోకుండా దానితోనే అభ్యాసం చేయించడం ఈ పద్ధతిలోని మర్మం. గణితంలో వెనుకబడిన విద్యార్థి చేత ప్రతిదినం గణితమే చేయించే ఉపాధ్యాయుని పద్ధతి వంటిదే ఇది.

ఫలితాలు త్వరలోనే కనిపించాయి. బొంబాయిలో జరిగే రోవర్స్ కప్పును హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 వరకు వరుసగా అయిదు సంవత్సరాలు గెలుచుకొన్నది. డ్యూరాండ్ కప్పు కూడ ఆ దశాబ్దంలో ఒకటికి మించి పర్యాయాలు హైదరాబాద్‌కు వచ్చింది. రాష్ట్రాల మధ్య జరిగే సంతోష్ ట్రోఫీలో 1956–57, 1957–58 సంవత్సరాలలో హైదరాబాద్ జట్టు వరుసగా విజేత అయింది. 1965–66లో ఆంధ్రప్రదేశ్ పేరుతో ఆ ట్రోఫీ మరోసారి లభించింది.

జాతీయ జట్టుకు కూడ రహీం శిక్షకులుగా వ్యవహరించారు. 1951లో ఢిల్లీలో జరిగిన తొలి ఆసియా క్రీడలలో భారత్ ఇరాన్‌ను ఓడించి స్వర్ణపతకం సాధించింది. మరుసటి ఏడాది హెల్సింకి ఒలింపిక్స్‌లో యుగోస్లావియా చేతిలో 10–1 తేడాతో ఘోరంగా ఓడింది. అప్పటికి మన ఆటగాళ్ళలో పలువురు బూట్లు లేకుండా ఆడేవారు. ఆ పరాజయం కళ్ళు తెరిపించింది. నాలుగేళ్ళ తరువాత 1956 మెల్బోర్న్ ఒలింపిక్స్‌లో భారత్ ఆస్ట్రేలియాను 4–2 తేడాతో ఓడించి సెమీఫైనల్ చేరింది. ఆసియా నుంచి ఆ స్థాయికి చేరిన తొలి జట్టు మనదే. సెమీఫైనల్‌లో మళ్ళీ యుగోస్లావియాయే ఎదురైంది. ఈసారి తేడా 4–1 మాత్రమే. ఆ పిమ్మట కాంస్యం కోసం జరిగిన ఆటలో బల్గేరియా చేతిలో ఓడి నాలుగో స్థానంలో నిలిచింది. ఆ జట్టులో సికింద్రాబాద్‌లోని అమ్ముగూడకు చెందిన తులసీదాస్ బలరాంతో పాటు పలువురు హైదరాబాదీలు ఉన్నారు.

రహీం చివరి విజయం మరింత హృదయస్పర్శి. 1962 నాటికి ఆయనను క్యాన్సర్ వ్యాధి పీడిస్తున్నది. ఆ స్థితిలోనే జట్టును వెంటబెట్టుకొని జకార్తా ఆసియా క్రీడలకు వెళ్ళారు. మొదటి ఆటలో దక్షిణ కొరియా చేతిలో భారత్ ఓడింది. ప్రేక్షకులు మన జట్టుకు ప్రతికూలంగా ఉన్నారు. అయినా జట్టు నిలదొక్కుకొని ఫైనల్ చేరి, సెప్టెంబరు 4న అదే దక్షిణ కొరియాను 2–1 తేడాతో ఓడించి స్వర్ణం గెలిచింది. మరుసటి ఏడాది జూన్‌లో రహీం మరణించారు. ఆయన జీవితం ఆధారంగా 2024లో ‘మైదాన్’ అనే హిందీ చలనచిత్రం వెలువడింది.

వలసబాట

ఇంతటి వైభవం ఎందుకు నిలవలేదు? ఈ ప్రశ్నకు సమాధానం వెతికేటప్పుడు ఆనాటి క్రీడాకారుల జీవనాధారాన్ని గమనించాలి. పోలీసు శాఖలో ఉద్యోగం, నెలనెలా జీతం, ఆడుకోవడానికి మైదానం, కనిపెట్టి చూసే శిక్షకుడు ఉన్నంతకాలం జట్టు ఒక్కటిగా నిలిచింది. మరోవైపు కలకత్తాలోని పెద్ద క్లబ్బులు ప్రతిభావంతులను ఆకర్షించసాగాయి. బలరాం ఈస్ట్ బెంగాల్ క్లబ్బులో చేరి అక్కడే పేరు గడించారు. 1970 ఆసియా క్రీడలలో కాంస్యం గెలిచిన భారత జట్టుకు నాయకత్వం వహించిన సయ్యద్ నయీముద్దీన్, అదే జట్టులో ఆడిన మహమ్మద్ హబీబ్ హైదరాబాద్ బిడ్డలే అయినా వారి ఆట ఎక్కువగా కలకత్తా మైదానాలలోనే వికసించింది. 1977లో పెలే ఆడిన న్యూయార్క్ కాస్మోస్ జట్టుతో మోహన్ బగాన్ 2–2గా ఆటను ముగించిన నాడు గోలు వేసినవారిలో హబీబ్ ఒకరు.

పాలమూరు జిల్లావాసులకు వలస అనే మాట కొత్త కాదు. పని ఉన్నచోటికి మనిషి వెళ్తాడు. అందులో తప్పు లేదు. అయితే వెళ్ళినవారి స్థానంలో కొత్తవారిని తయారుచేసే పాఠశాల ఊళ్ళో మిగలాలి. రహీం వంటి గురువు గతించిన తరువాత అటువంటి పాఠశాల క్రమంగా బలహీనపడింది. 1996లో జాతీయ లీగ్ ఆరంభమై పంజాబుకు చెందిన జె.సి.టి. తొలి విజేత అయినప్పుడు గాని, 2007లో అది ఐ-లీగ్‌గా మారి గోవాకు చెందిన డెంపో తొలి టైటిల్ గెలిచినప్పుడు గాని పోరులో ముందు వరుసన హైదరాబాద్ పేరు వినిపించలేదు. కప్పుల కాలంలో దేశాన్ని ఏలిన నగరం లీగ్ కాలం వచ్చేసరికి పట్టికకు వెలుపల ఉండిపోయింది.

నాలుగుసార్లు రెండో స్థానం

2019లో హైదరాబాద్ ఎఫ్.సి. అనే కొత్త క్లబ్బు ఇండియన్ సూపర్ లీగ్‌లో అడుగుపెట్టింది. తొలి సీజన్‌లో పది జట్లలో అట్టడుగున నిలిచింది. స్పెయిన్‌కు చెందిన మనోలో మార్క్వెజ్ శిక్షణలో తరువాతి ఏడాది అయిదో స్థానానికి ఎగబాకింది. మూడో సీజన్, అంటే 2021–22, చెప్పుకోదగినది.

కోవిడ్ కారణంగా ఆ సీజన్ ఆటలన్నీ గోవాలోనే జరిగాయి. పదకొండు జట్లు, ఒక్కొక్క జట్టుకు ఇరవై ఆటలు. హైదరాబాద్ ముందువరుసలో నిలిచి గోళ్ళు వేసిన వీరుడు పశ్చిమ ఆఫ్రికాలోని నైజీరియా నుంచి వచ్చిన బార్తొలోమ్యూ ఓగ్బెచె. పదిహేడేళ్ళ వయసులోనే 2002 ప్రపంచకప్పులో తన దేశం తరఫున ఆడిన అనుభవం అతనిది. ఆ సీజన్‌లో 18 గోళ్ళు వేసి లీగ్‌లో అందరికంటె ముందు నిలిచాడు. 1980ల నుంచి నైజీరియా, ఘనా వంటి దేశాల ఆటగాళ్ళు భారతీయ క్లబ్బులకు బలం చేకూరుస్తూనే ఉన్నారు. వారి స్వదేశాలలో లీగ్ పోరు అతి తీవ్రమైనది. ఘనాలో 1911లో స్థాపించిన హార్ట్స్ ఆఫ్ ఓక్, 1935లో ఏర్పడిన అసాంటె కొటోకో క్లబ్బుల నడుమ స్పర్ధ తరాలుగా సాగుతున్నది. నైజీరియాలో 2022 నుంచి 2025 వరకు నాలుగేళ్ళలో రివర్స్ యునైటెడ్, ఎనింబా, రేంజర్స్, రెమో స్టార్స్ అనే నాలుగు వేర్వేరు జట్లు విజేతలయ్యాయి. అంటే అక్కడ మొదటి స్థానం ఎవరి సొత్తూ కాదు.

2021–22 సీజన్ ముగిసేసరికి హైదరాబాద్ 11 ఆటలు గెలిచి, 5 డ్రా చేసికొని, 4 ఓడి 38 పాయింట్లు సంపాదించింది. జంషెడ్‌పూర్ 43 పాయింట్లతో మొదటి స్థానాన్నీ, దానికి చెందిన షీల్డునూ దక్కించుకొన్నది. తేడా అయిదు పాయింట్లు. హైదరాబాద్ చేసికొన్న అయిదు డ్రాలలో మూడు గెలుపులై ఉంటే మరో ఆరు పాయింట్లు వచ్చి 44 అయ్యేవి. లీగ్ పట్టిక ఇంత సూక్ష్మమైనది. ఏదో ఒక సాయంకాలం చివరి నిమిషాలలో ఏమరుపాటు వల్ల చేజారిన గెలుపు ఆనాడు చిన్నదిగానే కనిపిస్తుంది. సీజన్ చివర అదే కొండంత అవుతుంది.

ఆ సీజన్‌లో పట్టిక పూర్తయిన తరువాత మొదటి నాలుగు జట్ల నడుమ నాకౌట్ ఆటలు జరిగాయి. వాటిలో గెలిచినవారికి వేరుగా కప్పు ఇచ్చేవారు. 2022 మార్చి 20న ఫతోర్డా మైదానంలో హైదరాబాద్, కేరళ బ్లాస్టర్స్ ఫైనల్ ఆడాయి. 68వ నిమిషంలో కేరళ గోలు వేసింది. ఆశలు సన్నగిల్లుతున్న వేళ, 88వ నిమిషంలో సాహిల్ తవోరా బంతిని గోల్‌లోకి పంపి లెక్క సరిచేశాడు. పెనాల్టీలలో గోల్‌కీపర్ లక్ష్మీకాంత్ కట్టిమని మూడు బంతులను ఆపాడు. 3–1 తేడాతో కప్పు హైదరాబాద్‌ది అయింది. మత్స్యయంత్రాన్ని కొట్టగలిగారు, కాని కురుక్షేత్రంలో మొదటి స్థానం అందలేదు. మరుసటి సీజన్‌లో కూడ ముంబయి సిటీకి 46 పాయింట్లు రాగా, హైదరాబాద్ 42 పాయింట్లతో రెండో స్థానంలోనే నిలిచింది.

ఇదే కాలంలో హైదరాబాద్‌కు చెందిన మరో క్లబ్బు శ్రీనిధి దక్కన్ 2021లో ఐ-లీగ్‌లో ప్రవేశించింది. తొలి సీజన్‌లోనే మూడో స్థానం సాధించింది. 2022–23 నుంచి ఐ-లీగ్ విజేతకు ఇండియన్ సూపర్ లీగ్‌లో ప్రవేశం కల్పించాలని నిర్ణయించడంతో పోరు విలువ పెరిగింది. మొదటి స్థానం దక్కితే పైమెట్టు. రెండో స్థానం వస్తే ఉన్నచోటనే ఉండాలి. ఆ సీజన్‌లో పంజాబ్ జట్టు ముందు నిలిచి పైకి వెళ్ళింది. శ్రీనిధి రెండోది. 2023–24లో పదమూడు జట్లు ఇరవై నాలుగేసి ఆటలు ఆడాయి. కలకత్తాకు చెందిన మహమ్మదన్ స్పోర్టింగ్ 52 పాయింట్లతో విజేత కాగా, 48 పాయింట్లతో శ్రీనిధి మళ్ళీ రెండో స్థానంలో మిగిలింది. రెండు డ్రాలు గెలుపులుగా మారి ఉంటే ఆ నాలుగు పాయింట్ల అంతరం పూడేది. ఆరునెలల శ్రమకు, ఒక నగరపు ఆకాంక్షకు మధ్య ఆ రెండు సాయంకాలాలే అడ్డుగోడలు.

జట్టు వెనుక నిలిచేది

రెండో స్థానం అవమానం కాదు. అక్కడి నుంచి జారిపడకుండా నిలబడడం ముఖ్యం. హైదరాబాద్ ఎఫ్.సి. విషయంలో విచారకరమైన పరిణామం జరిగింది. క్లబ్బు ఆర్థిక ఇబ్బందులలో చిక్కుకొన్నది. జీతాల బకాయిలు పేరుకుపోయాయి. శిక్షకుడూ, ప్రధాన ఆటగాళ్ళూ వెళ్ళిపోయారు. 2023–24లో ఆ జట్టు ఇరవై రెండు ఆటలలో ఒక్కటి మాత్రమే గెలిచి, పన్నెండు జట్లలో చివరిదిగా మిగిలింది. రెండేళ్ళ క్రితం కప్పు ఎత్తిన జట్టు ఇది. చివరికి 2025లో క్లబ్బు ఢిల్లీకి తరలిపోయి పేరు సైతం మార్చుకొన్నది.

నాకౌట్ కప్పును ఒక మంచి రోజు తెచ్చిపెట్టవచ్చు. లీగ్‌లో నిలకడ కావాలంటే నెలనెలా అందే జీతం, గాయపడినవానికి వైద్యం, అలసినవానికి బదులు ఆడగల రెండో వరుస, చీకటి పడేదాకా అభ్యాసం చేయడానికి మైదానం కావాలి. తొలకరిలో కురిసిన ఒక్క వాన విత్తనాన్ని మొలిపించగలదు. పంట చేతికి రావాలంటే కార్తె వెంట కార్తె అదను తప్పకుండా కురవాలి. వానను నమ్ముకొని సేద్యం చేసిన మన ప్రాంతపు రైతుకు ఈ సంగతి ఎవరూ విప్పి చెప్పనక్కర లేదు.

అయితే చిన్న ఊరి జట్టు ఈ పోరులో గెలవలేదా? గెలవగలదనడానికి ఈశాన్యంలోని మిజోరం రాష్ట్రం సాక్ష్యం. ఆ రాష్ట్ర రాజధాని ఐజ్వాల్‌కు చెందిన క్లబ్బు 2016–17 ఐ-లీగ్‌లో 37 పాయింట్లు సాధించి, 36 పాయింట్లున్న మోహన్ బగాన్‌ను ఒకే ఒక్క పాయింటు తేడాతో వెనుకకు నెట్టి విజేత అయింది. ధనంలోను, పేరులోను మోహన్ బగాన్‌తో దానికి పోలికే లేదు. వీధివీధిన ఫుట్‌బాల్ ఆడే పిల్లలు, తమ జట్టును తమ ఇంటి బిడ్డగా భావించే ప్రజలు దాని ధనం.

ముగింపు

తెలంగాణలో ఆశలు అడుగంటలేదు. 2024 డిసెంబరు 31న సంతోష్ ట్రోఫీ ఫైనల్ హైదరాబాద్‌లోనే జరిగింది. నిజామాబాద్ జిల్లా నుంచి వచ్చిన గుగులోత్ సౌమ్య జాతీయ మహిళా జట్టులో స్థానం సంపాదించింది. 2024–25 భారత మహిళా లీగ్‌లో విజేతగా నిలిచిన ఈస్ట్ బెంగాల్ జట్టులో ఆమె సభ్యురాలు. మన పురుషుల క్లబ్బులకు నాలుగుసార్లు అందకుండా పోయిన పట్టిక తొలిస్థానాన్ని తెలంగాణ ఆడపిల్ల ఒకతె అందుకొన్నది. అయితే బలరాం వలెనే ఆమె కూడ కలకత్తా క్లబ్బు తరఫున ఆడి ఆ ఘనత సాధించవలసి వచ్చింది. ఇది గర్వించదగిన విషయమే గాక ఆలోచించదగిన విషయం కూడ.

విద్యార్థుల జీవితానికీ, లీగ్ పోటీకీ దగ్గరి పోలిక ఉన్నది. పరీక్షకు ముందు ఒక్క రాత్రి మేలుకొని చదవడం నాకౌట్ ఆడడం వంటిది. కొన్నిసార్లు అది ఫలించవచ్చు. జూన్ మాసం నుంచి ప్రతిదినం కొంత చదివి, తెలియనిచోట రహీం సాబ్ శిష్యుల వలె బలహీనమైన కాలితోనే అభ్యాసం చేసినవారు మాత్రం ఒక్క చెడ్డరోజు ఎదురైనా పడిపోరు. పట్టిక ఎవరినీ పొగడదు, ఎవరినీ నిందించదు. ఆడిన ప్రతి ఆటనూ గుర్తుంచుకొంటుంది, అంతే.

కఠిన పదాలకు అర్థాలు

దీటు = సాటి, సమానం
యాదృచ్ఛికం = అనుకోకుండా జరిగినది
ఆత్మరక్షణ = తన్ను తాను కాపాడుకోవడం
బడలిక = అలసట
కోలాహలం = సందడి, పెద్ద గోల
స్పర్ధ = పోటీ
ఏమరుపాటు = అజాగ్రత్త
అంతరం = తేడా, ఎడం
అదను = తగిన సమయం
అడుగంటు = పూర్తిగా తగ్గిపోవు

అభ్యాసం

అ) ఈ క్రింది ప్రశ్నలకు ఇరవై పంక్తులలో సమాధానాలు రాయండి.
1. నాకౌట్, లీగ్ పద్ధతుల మధ్య గల భేదాన్ని పాఠ్యభాగం ఆధారంగా వివరించండి.
2. హైదరాబాద్ ఫుట్‌బాల్ అభివృద్ధికి రహీం చేసిన కృషిని వివరించండి.

ఆ) ఈ క్రింది ప్రశ్నలకు ఆరు పంక్తులలో సమాధానాలు రాయండి.
1. గెలుపుకు మూడు పాయింట్లు ఇవ్వడం వల్ల ఆటలో వచ్చిన మార్పు ఏమిటి?
2. 2021–22లో హైదరాబాద్ కప్పు గెలిచినా షీల్డు ఎందుకు పొందలేకపోయింది?
3. ఐజ్వాల్ విజయం నుంచి చిన్న ఊళ్ళు ఏమి నేర్చుకోవచ్చు?

ఇ) ఏకవాక్య సమాధానాలు రాయండి.
1. ప్రపంచంలో తొలి ఫుట్‌బాల్ లీగ్ ఏ సంవత్సరంలో మొదలైంది?
2. హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు వరుసగా అయిదేళ్ళు గెలిచిన కప్పు ఏది?
3. 2021–22లో హైదరాబాద్ తరఫున 18 గోళ్ళు వేసిన ఆటగాడు ఏ దేశస్థుడు?